వెంకటేశం వదిలేసిన ఒక్క గడి

ఉద్యోగ ప్రకటన ఏదైనా సరే, అసలు కాగితాన్ని తన కళ్లతో చూడకుండా వెంకటేశం ఒక్క అక్షరం రాసేవాడు కాదు. వాట్సాప్‌లో వంద మంది పంపినా, టీవీలో కింద అక్షరాలు పరుగెత్తినా ఆయనకు లెక్క లేదు. ఆ శాఖ వెబ్‌సైట్ తెరవాలి, అందులో పీడీఎఫ్ ఉండాలి, చివరి పేజీలో సంతకం ఉండాలి. అనుమానం వస్తే ఆఫీసుకు ఫోన్ చేసేవాడు. ఫోన్ ఎత్తకపోతే బస్సెక్కి వెళ్లేవాడు. ఒకసారి గుమస్తా పోస్టుల సంగతి తేల్చుకోవడానికి నాంపల్లి దాకా వెళ్లి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో గంటసేపు మాట్లాడి, తిరిగొచ్చి ‘ఇది అబద్ధం, నమ్మకండి’ అని రాశాడు. ఆ ఒక్క ముక్కను నలభై వేల మంది చదివారు.

ఆయన బ్లాగు పేరు ‘కొలువు కబురు’. తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాడు. పగటి పని వేరే ఉంది. యూనివర్సిటీ లైబ్రరీలో రీడింగ్ హాల్ గుమ్మం దగ్గర బల్ల వేసుకుని, లోపలికి వెళ్లేవాళ్ల సంచులు తీసుకుని టోకెన్లు ఇస్తాడు. ఔట్‌సోర్సింగ్ కొలువు. జనగామ పక్క ఊరి నుంచి ఎంఏ చదవడానికి వచ్చినవాడు. అదే హాల్లో కూర్చుని పదకొండేళ్లు పరీక్షలకు చదివాడు. వయసు దాటిపోయాక గుమ్మం దగ్గర పని దొరికింది. ఇప్పుడు నలభై ఏడు.

ఆయన పట్టింపుకు ఒక కారణం ఉంది. పరీక్షలు రాసే రోజుల్లో హాస్టల్ గోడ మీద ఎవరో అంటించిన కాగితంలో చివరి తేదీ ఇరవై ఎనిమిది అని ఉంది. అసలు తేదీ ఇరవై మూడు. ఆ ఏడాది పోయింది. తేదీ తప్పు రాసినవాడెవడో ఈ రోజుకీ తెలియదు. వాడికీ తెలియదు, తాను ఏం చేశాడో.

బ్లాగు చదివేవాళ్లలో ఎక్కువమంది మండలాల్లో ఉండేవాళ్లు, చిన్న ఫోన్లలో చూసేవాళ్లు. వాళ్లు దారి తప్పకూడదని వెంకటేశం ప్రతి పోస్టు చివరా ఒక పచ్చ బటన్ పెట్టేవాడు. దాని మీద ‘దరఖాస్తు ఇక్కడ’ అని ఉండేది. నొక్కితే నేరుగా ప్రభుత్వ వెబ్‌సైట్‌కు పోతుంది. పైన ఎర్ర అక్షరాలతో చివరి తేదీ, దాని కింద ఎప్పుడూ ఒకటే వాక్యం: ‘పచ్చ బటన్ నొక్కండి. ఇంకేదీ నొక్కకండి.’ తొమ్మిదేళ్లలో ఈ వాక్యం మారలేదు. చదివేవాళ్లకు అది చేతికి అలవాటైపోయింది.

జనవరిలో లైబ్రరీకి మనుషుల్ని పెట్టే ఏజెన్సీ మారింది. కొత్త ఏజెన్సీ వాళ్లు హాల్లో లాకర్లు పెడతామన్నారు, సంచుల బల్ల దగ్గర ఒక్కపూట మనిషి చాలన్నారు. జీతం సగమైంది. అదే నెలలో బ్లాగుకు కూడా కష్టమొచ్చింది. నోటిఫికేషన్ పడిన రోజున జనం ఒక్కసారిగా వచ్చి పడితే పేజీ తెరుచుకోవడం లేదు. డబ్బు కట్టి పెద్ద సర్వర్ తీసుకుంటే తప్ప నడవదు.

మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల వెనక గదిన్నర ఇల్లు వాళ్లది. భార్య ప్రమీల తార్నాకలో ఒక ఆడపిల్లల ప్రైవేటు హాస్టల్లో వంట చేస్తుంది. రోజుకు నాలుగు వందల చపాతీలు కాల్చే మనిషికి మాటలు నెమ్మదిగా రావు.

“పదకొండేండ్లు పరీక్షలు రాసినవ్. తొమ్మిదేండ్లు బ్లాగు రాసినవ్. ఇంట్ల నుంచి పోవుడే గాని వచ్చుడేమన్న ఉన్నదా?” అంది. “గా భానుప్రకాశ్ ఎన్నిసార్లు చెప్పిండు? యాడ్స్ పెట్టుకో అన్నా అని. నీకు అందరు చెప్పేది వినవడది. నువ్వు చెప్పేది అందరు వినాలె.”

భానుప్రకాశ్ ఒకప్పుడు వెంకటేశం చేతికి సంచి ఇచ్చి హాల్లోకి వెళ్లిన కుర్రాడే. రెండేళ్లు చదివి, ఇది తన వల్ల కాదని తేల్చుకుని, హబ్సిగూడలో టిఫిన్ సెంటర్ మీది అంతస్తులో డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసు తెరిచాడు. మెట్లెక్కుతుంటే సాంబారు వాసన పైదాకా వస్తుంది. వెంకటేశం వచ్చాడని చూడగానే కుర్చీ తుడిచి వేశాడు.

“అన్నా, రోజుకు పద్దెనిమిది వేల మంది వస్తున్నరు నీ దగ్గరికి. గంతమందికి ఉత్త నీళ్లు పోసి పంపుతున్నవ్. ఇగనన్న ఛాయ్ అమ్ము.”

“ఛాయ్ మంచిదైతే అమ్ముత. కల్తీదైతేనో?”

“కల్తీదైతే తాగెటోడు చూసుకుంటడు గద.”

“మావోళ్లు చూసుకోరు భానూ. నేను పోసిన అంటే కండ్లు మూసుకుని తాగుతరు.”

ప్రకటనలు తెచ్చి పెట్టే సంస్థలు మూడింటి సంగతి భాను చెప్పాడు. మొదటిది అందరికీ తెలిసిన పెద్ద సంస్థ. దానికి దరఖాస్తు పెట్టారు. పదహారు రోజుల తర్వాత జవాబు వచ్చింది: ఈ సైటులో ఉన్న సమాచారం విలువ తక్కువది, ప్రకటనలు ఇవ్వలేం. వెంకటేశం ఆ మెయిల్‌ను మూడుసార్లు చదివాడు.

“ప్రభుత్వం రాసిందే మల్ల రాస్తున్నవని దాని బాధ అన్నా.”

“నాంపల్లి దాక పోయి కనుక్కొని రాసింది గుడ తక్కువ విలువనేనా?”

“మెషిన్‌కు నాంపల్లి ఏం తెలుసు?” అని నవ్వాడు భాను. “నీ సొంత ముచ్చట్లు రాయి. ఎట్ల చదవాలె, ఏ పుస్తకాలు కొనాలె, గట్ల. ఆర్నెల్లు రాసినంక మల్ల పెడుదాం. అప్పుడు ఇస్తది.”

రెండోది బెంగళూరు సంస్థ. ప్రకటన ఇచ్చేవాళ్లను ఒక్కొక్కరినీ చూసి మరీ తీసుకుంటుంది. మర్యాదైన సంస్థే. కానీ తెలుగు పేజీలకు చాలా తక్కువ ఇస్తుంది, అదీ మూడో నెల్లో. మూడోది ఎక్కడో విదేశంలో ఉంది. అడిగిన మూడు గంటల్లో ఒప్పుకుంది, వారం వారం డబ్బు వేస్తానంది, ఏ ప్రశ్నా అడగలేదు.

ఆర్నెల్లు ఆగితే మొదటిది దొరికేది. ఇంటి అద్దె మాత్రం ఐదో తారీఖు దాటి ఆగదు. వెంకటేశం మూడోదానికి తలూపాడు, ఒక షరతు పెట్టాడు. “ఏం యాడ్స్ వస్తయో నేను చూడాలె.”

దానికి ఏర్పాటు ఉంది. ప్రకటనలను ముప్పై ఒక్క రకాలుగా విడదీసి, ఒక్కోదాని పక్కన ఒక గడి ఉంచారు. వద్దనుకున్నదాని గడిలో టిక్ తీసేయొచ్చు. వెంకటేశం జేబులోంచి కళ్లద్దాలు తీసి, పరీక్ష పేపర్ చూసినట్టు కూర్చున్నాడు. జూదం తీసేశాడు. రమ్మీ తీసేశాడు. అప్పులిచ్చే యాప్‌లు, బరువు తగ్గించే మందులు, జాతకాలు, స్నేహాలు కలిపే యాప్‌లు, లాటరీలు, క్రిప్టో నాణేలు అన్నీ తీసేశాడు. గంట పట్టింది. కింది నుంచి రెండుసార్లు ఛాయ్ వచ్చింది.

“అన్నా, గిట్ల తీసుకుంట పోతే ఆఖరికి అగర్‌బత్తీలు మిగుల్తయ్,” అన్నాడు భాను.

“అగర్‌బత్తీలతోటి ఎవనికీ నష్టం లేదు.”

చివరికి బట్టలు, ఫ్యాన్లు, ఫోన్లు, ఆస్పత్రులు మిగిలాయి. ఇరవై ఆరో గడి దగ్గర వెంకటేశం ఆగాడు. ‘చదువు, ఉద్యోగాలు’ అని ఉంది. భాను చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది.

“దాన్ని ముట్టుకోకు,” అన్నాడు వెంకటేశం. “మా పిల్లలకు పనికొచ్చేది అదొక్కటే. అది ఉండాలె.”

మార్చి మొదటి వారం నుంచి ప్రకటనలు వచ్చాయి. వెంకటేశం రోజూ లైబ్రరీలోని పెద్ద కంప్యూటర్లో తన బ్లాగు తెరిచి చూసుకునేవాడు. ప్రకటనలు పేజీకి కుడిపక్కన ఒద్దికగా ఉండేవి, చదివేదానికి అడ్డం రాకుండా. తన ఫోన్లో చూస్తే మోకాళ్ల నొప్పుల నూనె వచ్చేది, సీలింగ్ ఫ్యాన్ వచ్చేది. చూసే మనిషిని బట్టి ప్రకటన మారుతుందని భాను చెప్పాడు. “నీ వయసు దానికి తెల్సిపోయింది అన్నా,” అని ఏడిపించాడు. మార్చి నెలకు పదకొండు వేల చిల్లర వచ్చింది. అద్దె కట్టారు. సర్వర్‌కు కట్టారు. ప్రమీల ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం కూడా ఆ ఇంట్లో ఒక మెప్పే.

అదే మార్చిలో కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. వెంకటేశం యథాప్రకారం చూసి, సరిచూసి, రాశాడు. ఏప్రిల్లో పోస్టు కింద ఇద్దరు ముగ్గురు రాశారు: ‘సార్, డబ్బులు కట్టాను, ఎస్ఎంఎస్ రాలేదు.’ ఇలాంటివి ప్రతిసారీ వస్తాయి. వెంకటేశం ప్రతిసారీ ఇచ్చే జవాబే ఇచ్చాడు: ‘సర్వర్ మీద ఒత్తిడి ఉంది. ఆందోళన వద్దు.’

మే నెల మూడో వారంలో హాల్‌టికెట్లు విడుదలయ్యాయి. ఆ రోజు పొద్దున పదకొండింటికి ప్రమీల వంటింట్లో దోపుకున్న కొంగుతోనే లైబ్రరీకి వచ్చింది. ఆయన పనిలో చేరాక ఆమె అక్కడికి రావడం అదే మొదలు. వెనకాల శిరీష ఉంది.

శిరీషను వెంకటేశం ఎరుగును. ప్రమీల పనిచేసే హాస్టల్లోనే ఉంటుంది. సూర్యాపేట వైపు పిల్ల. పొద్దున ఐదింటికి క్యాంపస్ గ్రౌండ్‌లో పరుగు తీస్తుంది, పది నుంచి మూడు దాకా తార్నాకలో ఒక మందుల షాపులో పనిచేస్తుంది, ఆ తర్వాత వచ్చి హాల్లో కూర్చుంటుంది. కానిస్టేబుల్ పరీక్ష రెండుసార్లు రాసింది. మొదటిసారి పరుగులో పోయింది, రెండోసారి రాతపరీక్షలో రెండు మార్కులతో పోయింది. జూలై వస్తే వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరుసారి.

“ఈ పిల్ల హాల్‌టికెట్ వస్తలేదంట. జర చూడు,” అంది ప్రమీల.

శిరీష ఫోన్లో రసీదు తెరిచి చూపింది. “నంబర్ కొడితే ‘అలాంటి దరఖాస్తు లేదు’ అంటున్నది అన్నా. నేనే ఏడనో తప్పు నొక్కిన గావచ్చు. నువ్వు పచ్చ బటన్ అని రాస్తవ్ గద, నేను పచ్చదే నొక్కిన మరి. ఫీజు గుడ సరిగ్గనే కట్టిన, ఎనిమిది వందలు.”

వెంకటేశం రసీదు చూశాడు. ముద్ర ఉంది, నంబరు ఉంది, అన్నీ ఉన్నాయి. కానీ ఆయన ఇలాంటి రసీదులు వేలల్లో చూసినవాడు. ఆ నంబరు అలా మొదలవ్వదు.

“నువ్వు ఎట్ల పోయినవో అట్లనే పో. నా బ్లాగు నుంచి,” అన్నాడు.

ఆమె ఫోను అద్దం ఒక మూల పగిలి ఉంది. బ్లాగు తెరిచింది. వెంకటేశం తన బ్లాగును అలాంటి ఫోన్లో చూడటం అదే మొదటిసారి. కుడిపక్క అనేది ఆ చిన్న తెరలో లేనే లేదు. కంప్యూటర్లో పక్కన ఒద్దికగా కూర్చునే ప్రకటన ఇక్కడ మధ్యలోకి వచ్చి పడింది. ఎర్ర అక్షరాల చివరి తేదీ, ‘పచ్చ బటన్ నొక్కండి’ అన్న తన వాక్యం, ఆ వాక్యానికి ఆనుకుని ఒక పచ్చ డబ్బా, దాని మీద ‘దరఖాస్తు చేయండి’. ఆయన పెట్టిన బటన్ ఇంకా కింద, వేలితో రెండుసార్లు తోస్తే గానీ కనిపించని చోట ఉంది. పై డబ్బా మూలన ‘ప్రకటన’ అన్న మాట ఆవగింజంత బూడిద రంగు అక్షరాల్లో ఉంది. ఆయన దాన్ని నొక్కాడు. ప్రభుత్వ పేజీలాంటి పేజీ తెరుచుకుంది. పైన చిరునామా మాత్రం ప్రభుత్వానిది కాదు.

“ఏమన్న తెలిసిందా?” అని అడిగింది ప్రమీల.

“చూస్త. కనుక్కుంట,” అన్నాడు వెంకటేశం.  వాళ్లిద్దరూ వెళ్లిపోయారు.

హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాడు. నలభై నిమిషాలకు ఒక అమ్మాయి ఎత్తింది. గడువు ముగిసి నెల దాటిందని, వివరాలు తమ దగ్గర లేకపోతే చేయగలిగింది లేదని మర్యాదగానే చెప్పింది. వెంకటేశం అక్కడి నుంచి నేరుగా హబ్సిగూడకు వెళ్లాడు.

భాను లెక్కలు తీశాడు. ఆ ప్రకటన మార్చి తొమ్మిదిన మొదలైంది. ‘చదువు, ఉద్యోగాలు’ గడిలోంచి వచ్చింది. ఇప్పటిదాకా రెండు వేల మూడు వందల సార్లు నొక్కారు. నొక్కినవాళ్లలో డబ్బు ఎందరు కట్టారో తెలియదు. ఇంకో సంగతి కూడా తెలిసింది. నోటిఫికేషన్ మారినప్పుడల్లా ఆ నకిలీ పేజీ కూడా మారుతోంది. ఇప్పుడు నడుస్తున్నది హాస్టల్ వార్డెన్ పోస్టులది. దాని గడువు రేపు సాయంత్రం ఐదు గంటలు. ప్రకటన ఇంకా నడుస్తూనే ఉంది.

“ముందు తీసెయ్,” అన్నాడు వెంకటేశం.

“తీసేసిన అన్నా. ఆళ్లకు మెయిల్ గుడ పెట్టిన. ఇగో, జవాబు గుడ వచ్చె. ‘ఆ ప్రకటనదారును తొలగించాం, మీ సహకారానికి ధన్యవాదాలు’ అంట.”

“వార్డెన్ పోస్టులకు కట్టినోళ్లు ఉంటరు గద. వాళ్లకు రేపు ఐదింటి దాక టైమున్నది. చెప్పాలె.”

భాను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “చెప్పు. ఎవరు వద్దన్నరు? ‘నకిలీ వెబ్‌సైట్లు తిరుగుతున్నయ్, జాగ్రత్త’ అని ఒక పోస్టు పెట్టు. మర్యాదగ అయిపోతది. నీ సైట్ల నుంచి పోయినరని ఎందుకు రాస్తవ్? ఆ పిల్లకే తెల్వదు అది యాడ్ అని. నువ్వు చెప్తే ఆమె పరీక్ష వస్తదా? రాదు. నీకున్న పేరు పోతది, పేరుతోని పైసలు పోతయ్. లైబ్రరీల రేపు ఆ సగం పూట గుడ ఉంటదో ఉండదో. జర దిమాక్ పెట్టు.”

అది తెలివితక్కువ సలహా కాదు. వెంకటేశం అక్కడే కూర్చుని ఆ పోస్టు రాశాడు కూడా. ‘అభ్యర్థులకు హెచ్చరిక. కొన్ని నకిలీ వెబ్‌సైట్లు...’ అని నాలుగు వాక్యాలు. రాసి, చదువుకున్నాడు. ఎక్కడో ఒక మండలంలో ఒకడు దీన్ని చదువుతాడు. నకిలీ సైట్లలో పడినవాళ్ల మీద జాలి పడతాడు. తనకు భయం లేదనుకుంటాడు. తాను వెళ్లింది ‘కొలువు కబురు’ నుంచి కదా. ఫోన్ పక్కన పెట్టి పడుకుంటాడు. ఆ నాలుగు వాక్యాలు ఒక్కణ్ని కూడా లేపవు. లేవాల్సినవాళ్లంతా ఆయన్ను నమ్మినవాళ్లే.

పోస్టు పెట్టకుండా ఫోన్ జేబులో వేసుకుని లేచాడు.

తార్నాక హాస్టల్ వెనక గుమ్మం దగ్గర ప్రమీల సాయంత్రం చపాతీల పిండి కలుపుతోంది. మొగుణ్ని చూసి చెయ్యి ఆపలేదు.

“ఆ పిల్ల పొద్దటి నుంచి అన్నం ముట్టలే. షాపుకు పోలే. తన వేళ్లను తనే తిట్టుకుంటున్నది. నువ్వేమో కనుక్కుంట అని పోయినవ్. ఏం కనుక్కున్నవ్?”

వెంకటేశం చెప్పాడు. మొత్తం చెప్పాడు. ప్రమీల చెయ్యి ఆగింది.

“మార్చి కిరాయి గా పైసలతోనే కట్టినమా?”

“కట్టినం.”

“ఏప్రిల్‌ది?”

“అది గుడ.”

ఆమె చేతుల పిండి దులుపుకుంది. “మరి నాకెందుకు చెప్తున్నవ్? మీద ఉన్నది, రెండో అంతస్తుల. మగోళ్లను రానియ్యరు. కిందికి పిలుస్త, గీడనే ఉండు.”

శిరీష కిందికి వచ్చింది. గేటు లోపల సైకిళ్లు పెట్టే చోట ఇద్దరూ నిలబడ్డారు. వెంకటేశం మాట తిప్పకుండా చెప్పాడు: అది నీ తప్పు కాదు, నా బ్లాగులో నేను డబ్బుకు పెట్టుకున్న ప్రకటన అది. దాన్ని రానిచ్చింది నేనే, ఆ గడి వదిలేసింది నేనే. ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ఏడవలేదు.

“ఎంతొచ్చింది నీకు?” అని అడిగింది.

“రెండున్నర నెలలకు ముప్పై ఒక్క వేలు.”

“నేను నొక్కినందుకు?”

“ఒక్కదానికి అంటే... అర్ధ రూపాయో, రూపాయో. సరిగ్గ తెల్వది.”

“రూపాయి,” అంది శిరీష. గోడకు ఆనుకుంది. “ఐదేండ్లు ఉరికిన అన్నా. జ్వరం ఉన్ననాడు గుడ ఉరికిన. షాపుల మా సేటు పోలీసమ్మా అని పిలుస్తడు, ఏడిపించనీకె. రేపు ఆయనకు ఏం చెప్పాలె?” కాసేపటికి మళ్లీ అంది, “అన్నా అనకుంటే నిన్ను ఏమని పిలవాల్నో తెల్వక అంటున్న. అనాలని లేదు.”

“అనకు.”

“కంప్లైంట్ పెడ్త. సైబర్‌ది. దాంట్ల నీ పేరు గుడ రాస్త.”

“రాయాలె. నేను వచ్చి సంతకం పెడ్త.”

“నేనొక్కదాన్నే పోతే పట్టించుకోరు,” అంది. “ఇంకెంతమంది ఉన్నరో ఆళ్ల పేర్లు కావాలె. నా పేరు ముందల రాయి. ఆళ్లందరికి చెప్పు, నా లెక్కనే ఆళ్లు గుడ నీ దిక్కు నుంచే పోయినరని. గది చెప్పకుంటే ఎవ్వరూ నమ్మరు, నేను గుడ నమ్మకపోదును.”

ఆ సైకిళ్ల పక్కనే నిలబడి వెంకటేశం ఫోన్లో రాశాడు. ముందు సైటులో ఉన్న ప్రకటనలన్నీ తీసేశాడు, ఫ్యాన్లతో సహా. తర్వాత పేజీ మొత్తానికీ పైన ఇది పెట్టాడు:

‘మార్చి తొమ్మిది నుంచి ఈ రోజు దాకా ఈ బ్లాగులో పచ్చ బటన్ నొక్కి ఫీజు కట్టినవాళ్లు వెంటనే చూసుకోండి. మీరు నొక్కింది నా బటన్ కాకపోవచ్చు. డబ్బు కోసం నేను పెట్టుకున్న ఒక ప్రకటన నా బటన్‌లాగే కనిపించి మిమ్మల్ని నకిలీ సైటుకు పంపింది. తప్పు నాది. వార్డెన్ పోస్టులకు రేపు సాయంత్రం ఐదు దాకా సమయం ఉంది, మళ్లీ దరఖాస్తు చేయండి. కానిస్టేబుల్ పోస్టులకు సమయం లేదు. నాకు ఫోన్ చేయండి.’ కింద తన నంబరు, పూర్తి పేరు, పనిచేసే చోటు రాశాడు.

శిరీష చదివింది. “‘కాకపోవచ్చు’ తీసెయ్,” అంది. ‘కాదు’ అని మార్చాడు.

మొదటి ఫోన్ ఏడు నిమిషాల్లో వచ్చింది. రెండోది మొదటిది మాట్లాడుతుండగానే వచ్చింది. మర్నాడు పొద్దున బల్ల దగ్గర సంచులు తీసుకుంటూ, టోకెన్లు ఇస్తూ, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడాడు. హాల్లోకి వెళ్లేవాళ్లు అప్పటికే చదివి ఉన్నారు. కొందరు సంచి ఇవ్వకుండా భుజానే వేసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆయన ఆపలేదు. ఒక పాత రీసెర్చ్ విద్యార్థి మాత్రం నిలబడి, “నీ అసుంటోడు గుడ గిట్ల చేస్తే ఇగ ఎవర్ని నమ్మాలె వెంకటేశమన్నా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లాడు.

మధ్యాహ్నం డ్యూటీ దిగాక మెట్ల మీద కూర్చున్నాడు. ఫోను చార్జింగు కోసం కిటికీలోంచి వైరు లాక్కున్నాడు. ఫోన్ చేసినవాళ్లలో సగం మంది తిట్టారు. తిట్టనిచ్చి, ఆ తర్వాత అసలు వెబ్‌సైట్ పేరు ఒక్కో అక్షరం చెప్పి రాయించాడు. ఒకామె ఫారం నింపుతూ మధ్యలో నెట్ పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ పోయి, ఆఖరుకు “అయింది సార్, ఎస్ఎంఎస్ వచ్చింది” అని చెప్పేదాకా లైన్లోనే ఉన్నాడు. కానిస్టేబుల్‌కు కట్టినవాళ్లకు చెప్పడానికి ఏమీ లేదు. వాళ్ల పేర్లు మాత్రం ఒక పరీక్ష ప్యాడ్ మీద రాసుకున్నాడు, శిరీష పేరు కింద. భాను ఒక్క ముక్క పంపాడు: ‘సైటుకు నిన్న పద్దెనిమిది వేలు, ఇయ్యాల నలభై ఆరు వేలు వచ్చినరు అన్నా. అందరు తిట్టనీకెనే.’

నాలుగింటికి శిరీష వచ్చింది. కంప్లైంట్ కాగితం తెచ్చింది. పక్కన కూర్చోలేదు, రెండు మెట్లు కింద కూర్చుంది. ప్యాడ్ తీసుకుని పేర్లు లెక్క పెట్టి తిరిగి ఇచ్చేసింది. “ఐదు దాటినంక పోదాం స్టేషన్‌కు,” అంది. 

ఐదు దాటింది. ప్రభుత్వ వెబ్‌సైట్ తెరిచి చూశాడు. దరఖాస్తుల గడువు ముగిసిందని వచ్చింది. లేచి చెప్పులేసుకుంటుంటే ఫోన్ మోగింది. కొత్త నంబరు. అటు గాలి హోరు వినిపిస్తోంది.

“సార్, నేను ఆసిఫాబాద్ దిక్కు నుంచి సార్. మా తాన సిగ్నల్ ఉండది. గుట్ట ఎక్కినంక ఇప్పుడే మీది చూసిన. వార్డెన్‌ది నేను గుడ కట్టిన సార్. మల్ల ఎట్ల పెట్టాలె, చెప్పున్రి.”

“బందైంది తమ్మీ. పది నిమిషాలైంది.”

 శిరీష కింది మెట్టు మీంచి తలెత్తి చూసింది.

“మీరు చెప్పిన బటనే నొక్కిన సార్ నేను.”

“అవును. నేను చెప్పిందే నువ్వు చేసినవ్. తప్పు నాది. పోలీసులకు కంప్లైంట్ ఇస్తున్నం, నీ పేరు చెప్పు, రాసుకుంట.”

“పైసలు వస్తయా సార్?”

“తెల్వదు.”

“మల్ల ఎప్పుడు పడ్తది సార్ ఈ నోటిఫికేషన్?”

తొమ్మిదేళ్లుగా రోజుకు పదిమంది అడిగే ప్రశ్న అది. ఏ శాఖలో ఎన్ని ఖాళీలున్నాయో, దస్త్రం ఎవరి బల్ల మీద ఉందో, ఎన్నాళ్లు పడుతుందో వెంకటేశం వేళ్ల మీద చెప్పేవాడు. ఇప్పుడు కూడా ఆయనకు ఒక అంచనా ఉంది. చెప్పబోయి ఆగాడు.

“నన్ను అడగకు తమ్మీ. ఆఫీసు నంబరిస్త, వాళ్లనే అడుగు,” అన్నాడు.

ఆ కుర్రాడు నంబరు రాసుకున్నాడు. తర్వాత, దరఖాస్తులో నింపినట్టే, ముందు ఇంటి పేరు, ఆ తర్వాత తన పేరు పరుశురాం అని, ఆ తర్వాత తండ్రి పేరు నెమ్మదిగా చెప్పాడు. వెంకటేశం మెట్టు మీద ప్యాడ్ పెట్టుకుని, వంగి, నలభై మూడో పేరుగా రాశాడు. ఫోన్ మళ్లీ మోగుతుంటే శిరీష లేచి నిలబడింది.

“ఎత్తు,” అంది. “ఆళ్ల పేరు గుడ రాసుకో.”